జ్వరం తగ్గిన రోజు: కాలిన గాయంలో సూడోమోనాస్ సెప్సిస్, ఒక కేసు వివరణ

కాలిన గాయాల వార్డులో పనిచేసే వైద్యుడికి జ్వరం, నాడి వేగం, పెరిగిన తెల్లకణాల సంఖ్య రోజూ కనిపించేవే. ఒంట్లో ఐదో వంతుకు మించి చర్మం కాలిన మనిషికి ఒక్క సూక్ష్మజీవి సోకకపోయినా ఈ మూడూ ఉంటాయి. కాబట్టి వాటిని చూసి ఇన్‌ఫెక్షన్ వచ్చిందనీ చెప్పలేము, రాలేదనీ చెప్పలేము. ఇది చదువుకునే రోజుల్లోనే మాకు నేర్పిన పాఠం. అయితే ఈ కేసులో నేను పొరబడింది ఆ లక్షణాలు పెరిగినప్పుడు కాదు, తగ్గినప్పుడు. గాయంలో చేరిన సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా రక్తంలోకి పాకి, అవయవాలను దెబ్బతీసే స్థితికి, అంటే సెప్సిస్‌కు, దారితీసిన కేసు ఇది. కర్నూలులో నేను పనిచేసే ఆసుపత్రిలో చూసిన ఈ రోగి వివరాలను, ఆయన అనుమతితో, గుర్తుపట్టగల అంశాలు తీసివేసి ఇక్కడ రాస్తున్నాను.

కేసు

రోగికి 38 ఏళ్లు, బరువు 58 కిలోలు. ఆదోని వైపు ఒక కూడలిలో ఉగ్గాని, బజ్జీల బండి నడుపుకుంటాడు. మధుమేహం లేదు, మద్యం అలవాటు లేదు. ఏప్రిల్ నెలలో ఒక తెల్లవారుజామున 5.30కు పొయ్యి వెలిగించబోగా, సిలిండర్ పైపు నుంచి అప్పటికే కారి బండి కింద నిలిచిన గ్యాస్ ఒక్కసారిగా అంటుకుంది. ఒంటి మీద ఉన్నది పాలిస్టర్ చొక్కా. నూలు బట్ట అయితే కాలి రాలిపోతుంది, పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఛాతీ మీద గాయం అంత లోతుగా ఉండడానికి ఆ చొక్కాయే ముఖ్య కారణం. చుట్టుపక్కల వాళ్లు నీళ్లు పోసి మంట ఆర్పారు, అది మంచి పని. ఆ తర్వాత కుడి చేతికి టూత్‌పేస్టు, ఛాతీకి ఇంకు పూశారు. ఆ ఇంకు కడగడానికే మా సిస్టర్‌కు ముప్పావు గంట పట్టింది. అది పోయేదాకా కింద చర్మం రంగేమిటో, గాయం ఎంత లోతో మాకు తెలియలేదు.

దగ్గరలోని ఒక ఆసుపత్రిలో ఒక లీటరు సెలైన్, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఒకటి, ధనుర్వాతం టీకా ఇచ్చి మా దగ్గరికి పంపారు. వచ్చేసరికి ఉదయం 11 గంటలయింది. కుడి చెయ్యి మొత్తం 9 శాతం, ఎడమ ముంజేయి, అరచెయ్యి 4 శాతం, ఛాతీ, పొట్ట ముందు భాగం 13 శాతం, కుడి తొడ ముందు భాగం 4 శాతం, మెడ 2 శాతం, అన్నీ కలిపి 32 శాతం కాలింది. ఇందులో ఛాతీ మీద 10 శాతం, కుడి చేతి మీద 8 శాతం లోతైన గాయం. అక్కడ చర్మం తెల్లగా, తోలులా బిగిసి ఉంది, సూదితో గుచ్చినా నొప్పి తెలియలేదు. కనుబొమ్మలు కమిలాయి గానీ గొంతు బొంగురు పోలేదు, ఊపిరి ఇబ్బంది లేదు.

కాలిన రోగికి ద్రవాలు ఎంత కావాలో లెక్కకట్టే పార్క్‌ల్యాండ్ సూత్రం (4 × బరువు × కాలిన శాతం) ప్రకారం మొదటి 24 గంటలకు 4 × 58 × 32, అంటే 7,424 మి.లీ. రింగర్ లాక్టేట్ అనే ద్రవం నరంలోకి ఎక్కించాలి. అందులో సగం, అంటే 3,712 మి.లీ., కాలిన క్షణం నుంచి 8 గంటల్లో, మధ్యాహ్నం 1.30 లోపు వెళ్లాలి. ఆసుపత్రిలో చేరిన గంట నుంచి లెక్కపెట్టడం మా జూనియర్లు ఇప్పటికీ చేసే తప్పు. ఆయనకు అప్పటికి ఎక్కింది ఒక లీటరే. మిగిలిన లోటును గంటకు 30 నుంచి 50 మి.లీ. మూత్రం వచ్చేలా చూసుకుంటూ పూడ్చాము. ఆ మొదటి ఐదు గంటల కొరత ఎంత నష్టం చేసిందో కచ్చితంగా చెప్పలేను. కాలిన గాయంలో పూర్తిగా చచ్చిన భాగం చుట్టూ, రక్తప్రసారం మందగించి ఊగిసలాడే మరో భాగం ఉంటుంది. ద్రవాలు సకాలంలో అందితే అది బతుకుతుంది, లేకపోతే రెండు మూడు రోజుల్లో అదీ చచ్చి, బ్యాక్టీరియాకు మేతగా మిగులుతుంది. కుడి ముంజేతి మీద మొదటి రోజు గులాబీ రంగులో నీటి బుడగలతో ఉన్న కొంత చర్మం మూడో రోజుకు తెల్లబడడం మేము చూశాము.

చేరిన రోజు తెల్లకణాలు 19,400, అందులో బ్యాక్టీరియాను మింగి చంపే రకమైన న్యూట్రోఫిల్స్ 86 శాతం. మూడో రోజు జ్వరం 38.6 డిగ్రీల సెల్సియస్, నాడి 122, ప్రోకాల్సిటోనిన్ (బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌లో రక్తంలో పెరిగే సూచిక) 1.1. యాంటీబయాటిక్ ఎందుకు ఆపేశారని రోగి తమ్ముడూ అడిగాడు, మా సొంత రెసిడెంట్లూ అడిగారు. కాలిన గాయానికి ముందుజాగ్రత్తగా నరంలోకి యాంటీబయాటిక్ ఇస్తే ఇన్‌ఫెక్షన్ ఆగదు, మందుకు లొంగని రకాలకు దారి మాత్రం తెరుచుకుంటుంది. అందుకే సెఫ్ట్రియాక్సోన్ ఆపి, పైపూతగా సిల్వర్ సల్ఫాడయజీన్ మాత్రమే వాడాము. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

లోతుగా కాలిన చర్మాన్ని అయిదో రోజున కోసి తీసేయాలని అనుకున్నాము. ఆ రోజు థియేటర్ దొరకలేదు. ఏడో రోజుకు థియేటర్ దొరికితే, అడిగిన నాలుగు యూనిట్ల రక్తంలో ఒకటే వచ్చింది. పొరల వారీగా కోసేటప్పుడు రక్తం బాగా పోతుంది కాబట్టి మత్తు డాక్టర్ ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడం న్యాయమే. 1970లో స్లొవేనియాలోని మరిబోర్ నుంచి జోరా యాంజెకోవిచ్ చెప్పినప్పటి నుంచి, చచ్చిన చర్మాన్ని తొలిరోజుల్లోనే తొలగించాలన్నది అందరికీ తెలిసిన సంగతే. తెలిసినా, మా వంటి చోట్ల ఆ తొలిరోజులు థియేటర్ పట్టిక, బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ చేతుల్లో ఉంటాయి.

ఎనిమిదో రోజు

ఎనిమిదో రోజు సాయంత్రం రౌండ్‌లో జ్వరం 37.2కు దిగింది. మూడు రోజుల కిందట 16,000 ఉన్న తెల్లకణాలు 3,400కు వచ్చాయి. రోగి అరుపులు, విసుగు తగ్గి ప్రశాంతంగా పడుకుని ఉన్నాడు. కేస్‌షీట్‌లో నా చేతిరాతతో "జ్వరం తగ్గుముఖం, ఇదే చికిత్స కొనసాగించాలి" అని ఉంది. తెల్లకణాలు తగ్గడానికి సిల్వర్ సల్ఫాడయజీన్ కారణం కావచ్చని పక్కనే రాశాను. ఆ మందుతో తెల్లకణాలు తగ్గే మాట నిజమే. కానీ ఆ తగ్గుదల సాధారణంగా వాడకం మొదలైన రెండు నుంచి నాలుగు రోజుల్లో కనిపించి, మందు ఆపకపోయినా దానంతట అదే సర్దుకుంటుంది. ఎనిమిదో రోజున కొత్తగా రాదు. ఇది నాకు తెలియని విషయం కాదు, ఆ సాయంత్రం గుర్తుకు రాలేదు.

రౌండ్ ముగించి వెళ్తుంటే రోగి భార్య వెనకే వచ్చింది. "సార్, నిన్నట్నుంచి ముద్ద దిగడంలేదు సార్. రొండు గుడ్లు తినేవాడు, వాసనొస్తాందని పక్కకు తోసేసినాడు. ఊరికే మగతగా పడుకోనుంటాడు" అంది. ఆమె మాటకు నేను ఇచ్చిన జవాబు, "జ్వరం తగ్గింది గదమ్మా, నిద్ర పట్టి ఉంటుంది, మెల్లగా తింటాడులే" అని. ఆయనకు 25 × 58, దానికి 40 × 32 కలిపి రోజుకు 2,730 కేలరీలు, 100 గ్రాముల పైన మాంసకృత్తులు లక్ష్యంగా పెట్టాము. పగలు నోటితో రాగి జావ, సంగటి, ఉడకబెట్టిన గుడ్లు, పెరుగు, రాత్రి ముక్కు గొట్టం ద్వారా ఫీడ్. ఆ రాత్రి 10 గంటలకు గొట్టం లోంచి వెనక్కి లాగితే 350 మి.లీ. జీర్ణం కాని ఫీడ్ వచ్చింది. సిస్టర్ దాన్ని చార్టులో రాసింది. నాకు ఫోన్ రాలేదు, ఎందుకంటే ఆ సంఖ్య దాటితే ఫోన్ చేయమని నేను ఎక్కడా రాయలేదు.

తొమ్మిదో రోజు ఉదయం ఒంటి వేడి 36.1. నాడి 134, రక్తపోటు 86/54, శ్వాస నిమిషానికి 32. చక్కెర 238, అది కూడా మధుమేహం లేని మనిషిలో (మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ చేరిన రోజు 5.6). ప్లేట్‌లెట్లు 2,40,000 నుంచి 88,000కు పడిపోయాయి. లాక్టేట్ (కణాలకు రక్తప్రసారం చాలనప్పుడు పెరిగేది) 4.6, ప్రోకాల్సిటోనిన్ 14.

కాలిన రోగుల్లో సెప్సిస్‌ను అనుమానించడానికి అమెరికన్ బర్న్ అసోసియేషన్ 2007లో ఇచ్చిన గీటురాళ్లు మామూలు రోగులకు వాడేవాటికన్నా వేరు. ఒంటి వేడి 39కి పైన లేదా 36.5కు కింద, నాడి 110 పైన, శ్వాస 25 పైన, మూడో రోజు తర్వాత ప్లేట్‌లెట్లు లక్ష లోపు, మధుమేహం లేకుండానే చక్కెర 200 పైన, 24 గంటలకు మించి ఆహారం ఇమడకపోవడం. వీటిలో మూడు ఉంటే సెప్సిస్ అనుకుని వెతకాలి. వెనక్కి తిరిగి చార్టు చూస్తే, ఎనిమిదో రోజు సాయంత్రానికే నాడి 128, చక్కెర 214, ప్లేట్‌లెట్లు 94,000, తిండి ఇమడడం లేదు. మూడు చాలుననుకుంటే నాలుగున్నాయి. ఆ ప్లేట్‌లెట్ రిపోర్టు తెల్లకణాల సంఖ్య ఉన్న కాగితంలోనే, రెండు వరుసల కింద ఉంది.

డ్రెస్సింగ్ విప్పినప్పుడు

కట్టు విప్పకముందే వాసన తెలిసింది. సూడోమోనాస్ పట్టిన గాయం కుళ్లు కంపు కొట్టదు, బాగా మాగి చితికిన ద్రాక్షపండ్ల వాసనలా తియ్యగా, వెగటుగా ఉంటుంది. ఈ వార్డులో 20 ఏళ్ల పైన పనిచేసిన మా సీనియర్ సిస్టర్ తలుపు దగ్గరే ఆగి, "సార్, కల్చర్ రిపోర్టు కోసం చూడొద్దు" అంది. గాజుగుడ్డ లోపలి పొర మీద పచ్చ, నీలం కలిసిన మరక. మొన్నటిదాకా గులాబీ రంగులో మానుతున్న ఎడమ ముంజేతి గాయం మసకబారి బూడిద రంగుకు తిరిగింది. కుడి చేతి మీద చచ్చిన చర్మం అంచున రూపాయి బిళ్లంత మూడు మచ్చలు, మధ్యలో నలుపు, చుట్టూ ఊదా రంగు. బ్యాక్టీరియా చిన్న రక్తనాళాల గోడల్లోకి చొరబడి వాటిని మూసేసినప్పుడు ఇలాంటి మచ్చలు వస్తాయి. గాయం మీద బ్యాక్టీరియా ఉండడం వేరు, బతికున్న కండలోకి దిగడం వేరు. ఈ మచ్చలు రెండోదానికి గుర్తు. అంచు నుంచి తీసిన ముక్కను కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు, పంపాము. గ్రాముకు లక్షకు మించి సూడోమోనాస్ ఎరుజినోసా పెరిగింది. రక్తం కల్చర్ కూడా, తీసిన రెండో రోజున, అదే చెప్పింది.

అదే ఉదయం పాథాలజీ విభాగం నుంచి మిత్రుడు ఫోన్ చేసి, స్లైడ్ ఒకసారి చూసి వెళ్లమన్నాడు. పరిపక్వమైన న్యూట్రోఫిల్ కేంద్రకం మూడు నాలుగు తమ్మెలుగా విడిపోయి ఉంటుంది. ఆ స్లైడ్‌లో కనిపించినవాటిలో పావు వంతు గుర్రపు నాడాలా వంగిన ఒకే తమ్మె ఉన్న పసికణాలు, అంటే బ్యాండ్లు. వాటి లోపల ముదురు రంగు రేణువులు, అంచున లేత నీలం మచ్చలు, అక్కడక్కడ ఖాళీ బుడగలు. "పైన సంఖ్య తగ్గిందని సంతోషపడ్డావేమో, ఎముక మజ్జ ఖాళీ అయ్యి పిల్లల్ని పంపుతోంది" అన్నాడు. బ్యాండ్లు 24 శాతం, లింఫోసైట్లు (మరో రకం తెల్లకణాలు) మొత్తం 520. మందు వల్ల తెల్లకణాలు తగ్గిన రక్తం ఇలా ఉండదు.

శరీరం లోపల జరిగినది

ఈ రోగి రోగనిరోధక శక్తి విపరీతంగా పనిచేస్తోందా, పనిచేయడం మానేసిందా అని రెసిడెంట్లు అడిగారు. రెండూ ఒకేసారి జరుగుతున్నాయన్నదే సరైన సమాధానం. దాన్ని అర్థం చేసుకుంటే తప్ప ఎనిమిదో రోజు సాయంత్రం అర్థం కాదు.

చర్మకణాలు కాలి పగిలినప్పుడు వాటి లోపలి సరుకు రక్తంలోకి చిమ్ముతుంది. మైటోకాండ్రియాల డీఎన్ఏ, హెచ్ఎంజీబీ1 అనే కేంద్రక ప్రోటీన్, హీట్‌షాక్ ప్రోటీన్లు ఇందులో ముఖ్యమైనవి. మైటోకాండ్రియా పుట్టుకతో బ్యాక్టీరియా వంశానికి చెందినది కాబట్టి దాని డీఎన్ఏను చూసిన, రోగనిరోధక కణాల్లోని టీఎల్ఆర్9 గ్రాహకం, బ్యాక్టీరియాయే వచ్చిందని భ్రమపడుతుంది. హెచ్ఎంజీబీ1 టీఎల్ఆర్4 అనే మరో గ్రాహకాన్ని తాకుతుంది. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా (సూడోమోనాస్ వంటివి) పైపొరలోని విషపదార్థం తాకేది కూడా ఆ గ్రాహకాన్నే. ఫలితంగా మంటను రేపే సంకేత ప్రోటీన్లు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 1, ఇంటర్‌ల్యూకిన్ 6 ఎగసిపడతాయి, సూక్ష్మజీవులను ఎదుర్కొనే రక్త ప్రోటీన్ల దండు అయిన కాంప్లిమెంట్ వ్యవస్థ రగులుకుంటుంది, రక్తనాళాలు కారతాయి, జ్వరం వస్తుంది. మూడో రోజు 38.6 జ్వరం ఇదే. అప్పటికి శత్రువు ఎవరూ లేరు.

ఆ తర్వాతి దశను నేను విద్యార్థులకు దండోరా పోలికతో చెబుతుంటాను. ఊళ్లో రోజుకు ఒకసారి దండోరా వేస్తే జనం వాకిట్లోకి వస్తారు, పగలూ రాత్రీ వేస్తూనే ఉంటే నాలుగో రోజు నుంచి ఎవరూ తలుపు తీయరు. న్యూట్రోఫిల్‌ను గాయం వైపు పిలిచే ముఖ్యమైన కేకల్లో కాంప్లిమెంట్ ముక్క సీ5ఏ ఒకటి. రక్తమంతా సీ5ఏతో నిండిపోయినప్పుడు న్యూట్రోఫిల్ తన గ్రాహకాలను లోపలికి లాగేసుకుంటుంది. ఇక గాయం దగ్గర నిజంగా కేక వినిపించినా అటు కదలదు. మజ్జ నుంచి తొందరపడి వచ్చిన పసికణాలకు కదలిక అసలే తక్కువ, మింగిన బ్యాక్టీరియాను ఆక్సిజన్ రసాయనాలతో చంపే శక్తి కూడా తక్కువే. మరోవైపు అవి ఊపిరితిత్తుల సన్నని నాళాల్లో ఇరుక్కుని అక్కడ హాని చేయగలవు. సంఖ్య ఉన్నా పని లేని న్యూట్రోఫిల్స్ అంటే ఇవే.

మోనోసైట్లు అనే మరో రకం తెల్లకణాల సంగతి ఇంకా ముఖ్యం. బ్యాక్టీరియాను ముక్కలు చేసి లింఫోసైట్లకు చూపించే పళ్లెం లాంటి హెచ్ఎల్ఏ డీఆర్ అణువులు వాటి మీద తగ్గిపోతాయి. ఒకసారి బాగా రెచ్చిపోయిన మోనోసైట్ రెండోసారి బ్యాక్టీరియా విషం తగిలినప్పుడు ముందంత టీఎన్ఎఫ్‌ను విడుదల చేయదు. ఇంటర్‌ల్యూకిన్ 10, ప్రోస్టాగ్లాండిన్ ఈ2, టీజీఎఫ్ బీటా అనే రసాయనాలు మంటను అణచే వైపు తూకాన్ని వంచుతాయి. లింఫోసైట్లు తమంతట తాము చనిపోయే క్రమం వేగవంతమవుతుంది. యాంటీబాడీలు గాయం మీదుగా కారే ద్రవంతో పాటు బయటికి పోతాయి. వీటన్నిటికీ తోడు ఒత్తిడి హార్మోన్లు కార్టిసాల్, అడ్రినలిన్ వారాల తరబడి ఎక్కువగా ఉండి అదే అణచివేతను పొడిగిస్తాయి. హెచ్ఎల్ఏ డీఆర్ కొలిచే ఫ్లో సైటోమెట్రీ మా దగ్గర లేదు, కానీ మొత్తం లింఫోసైట్ల సంఖ్యను ఏ చిన్న ల్యాబ్ రిపోర్టు నుంచైనా లెక్కకట్టవచ్చు. ఈ రోగికి అది మూడో రోజు 1,100, ఆరో రోజు 780. ఈ దిగుడు నా కళ్ల ముందే ఉంది, ఎవరూ దాన్ని వరుసగా రాయలేదు.

కాలిన రోగిలో ఈ బలహీనత ఎంత నిజమో చెప్పే పాత ఆధారం ఒకటుంది. పరాయి మనిషి చర్మాన్ని శరీరం ఎందుకు తిరస్కరిస్తుందన్న ప్రశ్న మీద గిబ్సన్, మెడావర్ 1943లో ప్రచురించిన పని కాలిన గాయాల రోగి నుంచే మొదలైంది, మెడావర్‌కు 1960లో నోబెల్ తెచ్చిన దారి అదే. ఆ తర్వాత వైద్యులు గమనించింది ఏమంటే, ఒంట్లో ఎక్కువ భాగం కాలినవారిలో పరాయి చర్మం మామూలుకన్నా ఎక్కువ రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు నిలుస్తుంది. తిరస్కరించే శక్తి లేకపోవడమే దానికి కారణం. తొమ్మిదో రోజు రోగి భార్య, "నా తోలు తీసి ఆయనకు వెయ్యండి సార్, నేను ఓర్చుకుంటా" అని అడిగినప్పుడు నేను ఆమెకు దీన్నే చెప్పాను. మీ చర్మం కొన్నాళ్లు నిలుస్తుందమ్మా, ఆయన ఒంటికి బలం వచ్చిన రోజున ఊడిపోతుంది, 32 శాతమే కాలింది కాబట్టి ఆయన తొడలు, వీపు మాకు చాలు అన్నాను. ఆమెకు సగమే నచ్చింది.

ఇక సూడోమోనాస్. మొదటి రెండు రోజుల్లో గాయం మీద చేరేవి వెంట్రుకల కుదుళ్లలో, చెమట గ్రంథుల్లో వేడికి తప్పించుకుని మిగిలిన స్టఫిలోకాకస్ జాతులు. మా రెండో రోజు స్వాబ్‌లో (గాయాన్ని తుడిచి తీసిన నమూనాలో) అవే పెరిగాయి. వారం దగ్గరపడే సరికి పేగుల నుంచి, వార్డు తడి నుంచి గ్రామ్ నెగటివ్ జాతులు వాటి స్థానాన్ని ఆక్రమిస్తాయి. ఆరో రోజు స్వాబ్‌లో కొద్దిగా సూడోమోనాస్ కనిపించింది, దాన్ని పైపై చేరికగా భావించడం అప్పటికి తప్పు కాదు. చచ్చిన చర్మం తడిగా ఉంటుంది, మాంసకృత్తులతో నిండి ఉంటుంది, రక్తప్రసారం ఉండదు. అంటే న్యూట్రోఫిల్ చేరలేదు, నరంలోకి ఇచ్చిన యాంటీబయాటిక్ కూడా చేరలేదు. అక్కడ సూడోమోనాస్ బయోఫిల్మ్ అనే జిగట పొర కింద స్థిరపడుతుంది. తమ సంఖ్య తగినంత పెరిగిందని రసాయన సంకేతాలతో తెలుసుకున్నాకే విషాలను పెద్ద ఎత్తున విడుదల చేస్తుంది. ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ కాంప్లిమెంట్‌ను, యాంటీబాడీలను నరికేస్తుంది. ఎక్సోటాక్సిన్ ఏ మన కణాల్లో ప్రోటీన్ తయారీని ఆపేస్తుంది. పయోసయనిన్ గాజుగుడ్డకు ఆ పచ్చ రంగు ఇచ్చి, కణాలను ఆక్సిజన్ రసాయనాలతో కాల్చుతుంది. ఆరో రోజున పైపైన కొద్దిగా ఉన్నది తొమ్మిదో రోజున రక్తంలో ఎలా తేలిందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఎనిమిదో రోజు జ్వరం తగ్గడానికి కూడా కారణం ఇప్పుడు చెప్పవచ్చు. చర్మం పోయిన మనిషికి వేడిని నిలుపుకునే పొర లేదు. పెరిగిన జీవక్రియ వల్లే ఒళ్లు 38 పైన నిలబడుతోంది. సెప్సిస్‌లో రక్తప్రసారం దెబ్బతిని, ఆ వేడిని పుట్టించే శక్తి తరిగినప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. అది మంట ఆరడం కాదు, కట్టెలు అయిపోవడం. పేగులకు రక్తం తగ్గగానే ఆహారం నిలిచిపోతుంది. ఆ స్థితిలో పేగు గోడలు కారి లోపలి బ్యాక్టీరియా విషాలను కూడా రక్తంలోకి వదులుతాయి. రోగి భార్య ముద్ద దిగడం లేదని చెప్పినప్పుడు చెప్పింది పేగుల రక్తప్రసారం గురించే.

చికిత్స

తొమ్మిదో రోజు ఉదయం మొదటి గంటలోనే రక్తం కల్చర్లు తీసి మెరోపెనెమ్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టాము, రక్తపోటు నిలబెట్టడానికి నార్‌అడ్రినలిన్ ఎక్కించాము. కాలిన రోగుల్లో గుండె ఎక్కువ రక్తాన్ని నెట్టడం వల్ల మూత్రపిండాలు మందును మామూలుకన్నా వేగంగా బయటికి తోసేస్తాయి. ఇదివరకు ఒకటి రెండు కేసుల్లో మామూలు మోతాదు పనిచేయకపోవడం చూశాను. అందుకే మెరోపెనెమ్‌ను 2 గ్రాముల చొప్పున 8 గంటలకొకసారి, ప్రతి మోతాదూ మూడు గంటల పాటు మెల్లగా ఎక్కించాము. కల్చర్‌లో ఆ బ్యాక్టీరియా సెఫ్టజిడైమ్‌కు, జెంటామైసిన్‌కు లొంగలేదు, మెరోపెనెమ్‌కు, అమికాసిన్‌కు లొంగింది. అమికాసిన్ మూడు రోజులకు ఆపి, మెరోపెనెమ్ పది రోజులు ఇచ్చాము.

కానీ ఈ రోగిని బతికించింది పదో రోజు ఆపరేషన్ అని నా అభిప్రాయం. చచ్చిన చర్మం ఒంటి మీద ఉన్నంతకాలం యాంటీబయాటిక్ గడప అవతలే నిలబడుతుంది. సెప్సిస్‌లో ఉన్న మనిషిని థియేటర్‌కు తీసుకెళ్లడానికి ఈసారి మత్తు డాక్టర్ వెంటనే ఒప్పుకున్నాడు, రక్తం కూడా రోగి బంధువులు, బండి దగ్గర రోజూ తినే ఆటో డ్రైవర్లు ఇచ్చారు. రక్తం ఎక్కువగా పోకుండా కుడి చేతికి టూర్నికెట్ పట్టీ బిగించి, ఛాతీ చర్మం కింద అడ్రినలిన్ కలిపిన సెలైన్ ఎక్కించి, 12 శాతం చచ్చిన చర్మాన్ని 70 నిమిషాల్లో తీసేశాము. చిన్న చుక్కలుగా ఎర్రటి రక్తం వచ్చేదాకా పొర తర్వాత పొర గీయాలి. తెల్లగా, మసకగా ఉంటే అది ఇంకా చచ్చినదే. సూడోమోనాస్ ఉన్న గాయం మీద వెంటనే గ్రాఫ్ట్ (వేరే చోటి నుంచి తీసిన చర్మం) వేస్తే కరిగిపోతుంది కాబట్టి వేయలేదు. ఒక శాతం ఎసిటిక్ యాసిడ్‌తో తడిపిన కట్లు రోజుకు రెండుసార్లు మార్చాము. వంటింటి వెనిగర్‌లో ఉండేదే ఈ ఆమ్లం, సూడోమోనాస్‌కు ఆమ్ల వాతావరణం పడదు. ఇంత చవకైన మందును కొత్తగా వచ్చే వైద్యులు చిన్నచూపు చూడడం నాకు విచిత్రంగా ఉంటుంది.

ఆపరేషన్ తర్వాత 36 గంటల్లో నార్‌అడ్రినలిన్ ఆపగలిగాము. పన్నెండో రోజు జ్వరం మళ్లీ 38.4కు వచ్చింది. ఈసారి ఆ జ్వరాన్ని చూసి వార్డులో మాకు ఊరట కలిగింది. 14వ రోజు మిగిలిన 6 శాతం తీసేశాము, 17వ రోజు, కల్చర్ శుభ్రంగా వచ్చాక, ఎడమ తొడ నుంచి తీసిన చర్మాన్ని జల్లెడలా చేసి వేశాము. గ్రాఫ్ట్ వేసిన ఐదో రోజు విప్పి చూస్తే దాదాపు 90 శాతం అతుక్కుంది. బ్యాండ్లు 4 శాతానికి తగ్గాయి, 20వ రోజుకు లింఫోసైట్లు 1,450కి పెరిగాయి. రక్తపోటు స్థిరపడ్డాక, అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునే ప్రొప్రనొలాల్ మొదలుపెట్టి నాడి వేగాన్ని ఐదో వంతు తగ్గించాము. అడ్రినలిన్ ఉధృతిని అలా అదుపు చేస్తే కండ కరగడం తగ్గుతుందని పిల్లల మీద హెర్న్‌డన్ బృందం 2001లో చూపింది, పెద్దల్లోనూ వాడుతున్నాము. మధ్యలో తొడ మీద చర్మం తీసిన చోట స్టఫిలోకాకస్ చేరింది, పైపూతతోనే తగ్గింది.

మెరోపెనెమ్ ఇచ్చిన ఆ పది రోజుల్లోనే ఇంకో పని చేశాము. డ్రెస్సింగ్ గదిలో కుళాయి మూతి, నీళ్ల బకెట్, ఎన్నేళ్లుగా ఉందో ఎవరికీ గుర్తులేని నీలం రంగు ప్లాస్టిక్ మగ్గు, ఈ మూడింటి నుంచి స్వాబ్‌లు తీశాము. మగ్గు అడుగున, బకెట్ అంచున సూడోమోనాస్ పెరిగింది, మందులకు లొంగే తీరు రోగిలో పెరిగినదానితో సరిపోయింది. రెండూ ఒకే సంతతి అని తేల్చాలంటే జన్యు పరీక్ష కావాలి, అది చేయించలేదు. మగ్గు, బకెట్ పారేశాము. గాయం కడగడానికి సెలైన్ సీసాలు మాత్రమే వాడాలని, వాడిన సీసాను రెండో రోగికి వాడకూడదని రాసి గోడకు అంటించాము. వేసవిలో నీటి కొరత ఉన్నప్పుడు ఎన్ని రోజులు ఆ కాగితం మాట చెల్లుతుందో చూడాలి. వార్డు చార్టులో లింఫోసైట్ల సంఖ్యకు, ప్లేట్‌లెట్లకు, గొట్టంలోంచి వెనక్కి వచ్చిన ఫీడ్‌కు ఒక్కో నిలువు గడి గీయించాను. 200 మి.లీ. దాటితే రాత్రి ఏ వేళైనా ఫోన్ చేయాలి.

రోగి 43వ రోజు ఇంటికి వెళ్లాడు, అప్పటికి బరువు 51 కిలోలు. మూడు నెలలకు వచ్చినప్పుడు 55 ఉన్నాడు, కుడి మోచేయి పూర్తిగా చాపలేకపోతున్నాడు. వ్యాయామంతో సరికాకపోతే మచ్చ ముదిరాక ఆపరేషన్ చేస్తామని చెప్పాము. మళ్లీ బండి పెట్టవచ్చా అని అడిగాడు. పెట్టవచ్చు, కానీ గ్రాఫ్ట్ వేసిన చర్మంలో చెమట గ్రంథులు ఉండవు, ఛాతీ, చెయ్యి ఇక చెమట పట్టవు, పొయ్యి ముందు నిలబడితే ఒంటి వేడి త్వరగా ఎక్కుతుందని చెప్పాను. "మరి మా ఎండాకాలంలో ఎట్ల సార్?" అన్నాడు. తెల్లవారుజామునే బజ్జీలు కాల్చి, ఎనిమిది దాటాక పొయ్యి దగ్గర కొడుకును నిలబెట్టి, తను గల్లాపెట్టె దగ్గర తడిగుడ్డతో కూర్చోవాలని మాట్లాడుకున్నాము. పైపు మార్చారా అని అడిగితే, భార్య సంచిలోంచి కొత్త పైపు రశీదు తీసి చూపించింది.